కూరగాయల సంచీలో బైబిలు

ప్రశ్న:

అమ్మగారికి వందనాలు. నాకు 52 ఏళ్లు. మాది బాపట్ల జిల్లాలో ఒక చిన్న ఊరు. మా సంఘంలో స్త్రీల కూటాన్ని పదకొండేళ్లుగా నేనే నడిపిస్తున్నాను. మా సంఘంలోనే పుట్టి పెరిగిన ఒక అమ్మాయి, సండే స్కూల్లో నా దగ్గరే కంఠత వాక్యాలు నేర్చుకున్న పిల్ల, మూడేళ్ల కిందట విశ్వాసులు కాని ఇంటి అబ్బాయిని ఇష్టపడి పెళ్లి చేసుకుంది. అప్పుడే అందరం బాధపడ్డాం. ఆ తర్వాత ఆదివారాలు రావడం మానేసింది గానీ, బుధవారం మధ్యాహ్నం కూటానికి అప్పుడప్పుడూ వచ్చేది. మార్కెట్‌కు వెళ్తున్నానని అత్తగారికి చెప్పి, కూరగాయల సంచీలో అడుగున బైబిలు పెట్టుకుని వచ్చేది. మొన్న ఆగస్టులో ఒకరోజు నుదుట కుంకుమ బొట్టు, కాళ్లకు పసుపుతో వచ్చి కూర్చుంది. కొత్తగా వస్తున్నవాళ్లు కూడా చూస్తున్నారు. నాకు ఉండబట్టలేక, "దేవుని సన్నిధికి వచ్చేముందు ఒకసారి అద్దంలో చూసుకుని రావాలమ్మా. రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏ ఒడ్డుకూ చేరం" అని అందరి ముందూ అనేశాను. ఏమీ మాట్లాడకుండా సంచీ తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. వాళ్లమ్మ చర్చికి వస్తోంది గానీ నాతో మాట్లాడటం లేదు. నేను మొదటి పేతురు 3:3 ప్రకారమే మాట్లాడాను. తప్పును తప్పు అనకపోతే రేపు దేవునికి లెక్క చెప్పాల్సింది నేనే కదా. మరి నాకు నిద్ర ఎందుకు పట్టడం లేదు? నేను చేసింది తప్పంటారా? కృప కృప అంటూ అన్నీ వదిలేస్తే సంఘం ఏమైపోతుంది?

ఒక సహోదరి

జవాబు:

వందనాలు సహోదరీ.

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నా చూపు కూడా బొట్టు దగ్గరే ఆగింది. రెండోసారి చదివినప్పుడు కూరగాయల సంచీ దగ్గర ఆగిపోయాను. ఆ సంచీ సంగతి మీరు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయారు. నాకు మాత్రం రోజంతా అదే కళ్లముందు ఉంది. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు సంచీలో కూరగాయలు ఉండవు కదా. అంటే ఏ పాత తువ్వాలులోనో బైబిలు చుట్టి అడుగున పెట్టుకుని, మార్కెట్లో గబగబా నాలుగు రకాలు కొని పైన పోయించుకుని, ఆ ఎండలో మీ కూటానికి నడిచి వచ్చి ఉంటుంది. "ఇంతసేపు ఎక్కడున్నావు?" అని అత్తగారు అడిగితే ఏం చెప్పాలో కూడా దారిలోనే అనుకుని ఉంటుంది. అంత భయం పెట్టుకుని వచ్చి మీ చాప మీద కూర్చుంది ఆ పిల్ల.

నేను ఎప్పుడూ అలా వెళ్లలేదు. మా ఇంట్లో బైబిలు హాల్లో అందరికీ కనపడేలా ఉంటుంది. నన్ను ఎవరూ ఆపరు. మీ కూటంలో ఆ రోజు కూర్చున్నవాళ్లలో వాక్యం వినడానికి అంత తెగించి వచ్చినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? యూదుల పెద్దల్లో ఒకడైన నీకొదేము యేసు దగ్గరికి రాత్రిపూట వచ్చాడు. ఎవరైనా చూస్తారని భయమేమో. "పగలు రా, అప్పుడు మాట్లాడదాం" అని ప్రభువు వెనక్కి పంపలేదు. ఆ రాత్రే కూర్చోబెట్టుకుని కొత్త జన్మ గురించి చెప్పాడు. శిష్యులు చెల్లాచెదురైన రోజున, ప్రభువు దేహం దగ్గరికి వచ్చిన ఇద్దరిలో, బోళం, అగరు మోసుకొచ్చినవాడు అదే నీకొదేము. రాత్రిపూట వచ్చినవాణ్ని ఆ రోజు చీదరించుకుని ఉంటే ఈ రోజు వచ్చేవాడా?

మీరు సూటిగా అడిగారు కాబట్టి నేనూ సూటిగా చెప్తాను. మీరు చేసింది తప్పే. సరిదిద్దుకోలేని తప్పయితే కాదు. నిద్ర పట్టకపోవడం నాకు మంచి గుర్తుగానే కనపడుతోంది. మనసు మొద్దుబారినవాళ్లు హాయిగా నిద్రపోతారు.

ముందు మీరు పట్టుకున్న వచనం సంగతి చూద్దాం. మొదటి పేతురు 3:3 చదివారు. దాని పైనున్న రెండు వచనాలు ఎవరికి రాసినవో ఒకసారి చూడండి. వాక్యానికి లోబడని భర్తలున్న స్త్రీలకు రాశాడు పేతురు. అలాంటి భర్తలు "వాక్యము లేకుండనే" భార్యల నడవడి చూసి మారవచ్చని ఆశ పెట్టి, దాని వెంటనే అలంకారం సంగతి ఎత్తాడు. అంటే అవిశ్వాసి ఇంట్లో ఉంటూ నలిగిపోతున్న స్త్రీకి ధైర్యం చెప్పడానికి రాసిన పత్రికలోని మాటను తీసుకుని, సరిగ్గా అలాంటి స్త్రీ మీదే విసిరాం. ఇంకో సంగతి. ఆ వచనంలో బొట్టు మాట లేదు. జడలు అల్లుకోవడం ఉంది, బంగారు నగలు ఉన్నాయి, వస్త్రాలు ఉన్నాయి. ఆ రోజు కూటంలో జడ వేసుకుని వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. వాళ్లలో ఎవరినీ అద్దంలో చూసుకోమని మీరు అనలేదు, అనాల్సిన పనీ లేదు.

ఈ బయటి గుర్తుల విషయంలో మన సంఘాలన్నీ ఒక్క మాట మీద లేవన్నది కూడా మీకు తెలిసిందే. ఒకే ఊళ్లో ఈ వీధి చివర మందిరానికి మెట్టెలు, గాజులు కూడా తీసేసి తెల్లచీరలో వస్తారు. ఆ వీధి చివర చర్చికి పట్టుచీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని వస్తారు. రెండు చోట్లా మోకాళ్లు వంచేవాళ్లు ఉన్నారు, రెండు చోట్లా పక్కవాళ్లను కొలిచేవాళ్లూ ఉన్నారు. డోర్నకల్ కెథడ్రల్ చూసినవాళ్లకు ఆ స్తంభాల్లో గుడి పోలిక, గుమ్మటాల్లో మసీదు పోలిక కనపడతాయి. బిషప్ అజరయ్య గారు కావాలనే అలా కట్టించారు. మీ సంఘానికి బొట్టు విషయంలో ఒక నియమం ఉంటే దాన్ని నేను తక్కువ చేయను. ఎందరో పెద్దలు ఆలోచించి, ప్రార్థించి పెట్టుకున్నది అయి ఉంటుంది. అయితే ఆ నియమం ఇష్టపూర్వకంగా పాటించగలిగే ఇంట్లో మీరున్నారు. ఆమె లేదు. ఆగస్టు అంటే శ్రావణం. కోడలున్న ఇంట్లో శ్రావణమాసంలో కాళ్లకు పసుపు రాయకుండా ఊరుకుంటారా? వద్దని చేయి వెనక్కి లాక్కుంటే ఆ పూట ఆ ఇంట్లో ఏమవుతుందో మనకు తెలుసు. దారిలో తుడిచేసుకుంటే తిరిగి వెళ్లాక ఎందుకు చెరిగిందో జవాబు చెప్పాలి. అన్నీ ఆలోచించుకునే అలా వచ్చి ఉంటుంది.

రెండో రాజులు ఐదో అధ్యాయం మీరు సండే స్కూల్లో ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. సిరియా సేనాధిపతి నయమాను ఎలీషా ప్రవక్త మాట విని, కుష్ఠు పోవడానికి యొర్దానులో ఏడుసార్లు మునగడం, చర్మం పసిబిడ్డ చర్మంలా కావడం వరకు చెప్పి ఆపేస్తాం. ఆ తర్వాత జరిగింది మనం పిల్లలకు చెప్పం. బాగుపడిన నయమాను ఎలీషాతో, ఇకమీదట యెహోవాకు తప్ప ఇంకెవరికీ బలి అర్పించనని ఒట్టు పెట్టినంత పని చేశాడు. వెంటనే ఒక సంకటం కూడా చెప్పుకున్నాడు. మా రాజు నా చేతిమీద ఆనుకుని రిమ్మోను అనే దేవత గుడిలో మొక్కుతాడు, అప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, ఆ ఒక్క విషయంలో యెహోవా నన్ను క్షమించాలి అన్నాడు. ఆ మాట విన్న ప్రవక్త రెండు పడవల సామెత చెప్పలేదు. ఉద్యోగం మానేసి రా అనలేదు. నెమ్మదిగా వెళ్లిరమ్మన్నాడు, అంతే. కొత్తగా చిగురించిన విశ్వాసం ఏ ఇంటికి, ఏ కొలువుకి తిరిగి వెళ్తోందో ఎలీషాకు తెలుసు. మొలకను లాగితే త్వరగా పెరగదని కూడా తెలుసు.

అలాగని ఎలీషా అందరితోనూ మెత్తగా ఉన్నాడా అంటే, లేడు. అదే అధ్యాయం చివర చూడండి. ఎలీషా పనివాడు గేహజీ ప్రవక్త పేరు చెప్పి నయమాను దగ్గర వెండి, బట్టలు పట్టుకొచ్చి దాచుకున్నాడు. ఆ పనివాడి మీద ఎంత కఠినంగా మాట్లాడాడో మీకు తెలుసు. పరాయి ఇంట్లో ఒత్తిడిలో ఉన్నవాడికి నెమ్మది, దేవుని పని పక్కనే ఉండి మోసం చేసినవాడికి శిక్ష. "కృప కృప అంటే సంఘం ఏమైపోతుంది" అని మీరు అడిగారు కదా, నాకు భయమేసేది ఇక్కడే. మనం చాలాసార్లు దీన్ని తలకిందులు చేస్తున్నాం. కానుక ఎక్కువ వేసే పెద్దమనిషి తాగి వస్తే "అందరం బలహీనులమే, ప్రార్థన చేద్దాం" అంటాం. కూలికి వెళ్లే మనిషి తాగి వస్తే గేటు దగ్గరే ఆపేస్తాం. భార్యను కొట్టే భర్త విషయంలో "తీర్పు తీర్చకూడదమ్మా, నువ్వే కొంచెం తగ్గించుకో" అని దెబ్బలు తిన్నదానికే వాక్యం చెప్తాం. అది కృప కానే కాదు. అక్కడ పెద్దలు గట్టిగా నిలబడాలి, అవసరమైతే పోలీసు స్టేషన్‌కూ వెళ్లాలి. ప్రభువు తీర్పే వద్దనలేదు. "వెలిచూపునుబట్టి తీర్పు తీర్చక న్యాయమైన తీర్పు తీర్చుడి" అన్నాడు. నుదుటి మీద కనపడేదాని కంటే వెలిచూపు ఇంకేముంటుంది?

ఇప్పుడు నా సొంత విషయం ఒకటి చెప్తాను. దీన్ని ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

నాకు ముప్పై ఏళ్లప్పుడు మా సంఘంలో స్త్రీల కూటం డబ్బు నా దగ్గరే ఉండేది. రేకు డబ్బా, చిన్న లెక్కల పుస్తకం. ఒకసారి మా చిన్నోడికి టైఫాయిడ్ వచ్చింది. నెలాఖరు. చేతిలో పైసా లేదు, మా ఆయన ఊళ్లో లేరు. డబ్బాలోంచి తీశాను. జీతం రాగానే పెట్టేద్దామనుకున్నాను. జీతం వచ్చింది, వేరే అప్పులకు పోయింది. తర్వాతి నెలా అంతే. అలా ఆరు వందల నలభై రూపాయలు లోటు పడింది. అప్పట్లో మాకు అది పెద్ద మొత్తం. లెక్కల రోజు దగ్గరపడే కొద్దీ నాకు అన్నం సహించేది కాదు.

మా సంఘంలో ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే ఒక ముసలి బైబిలు స్త్రీ ఉండేది. అందరం అవ్వ అనేవాళ్లం. లెక్కల పుస్తకం ఒకసారి చూస్తానని తీసుకెళ్లి మర్నాడు ఇచ్చేసింది, ఏమీ అనలేదు. ఆదివారం కూటంలోనూ ఏమీ అనలేదు. సోమవారం సాయంత్రం మా ఇంటికి వచ్చి వంటింట్లో నేల మీద కూర్చుంది. నేను గోంగూర తెంపుతున్నాను. తనూ ఒక కట్ట విప్పుకుని ఆకు తెంపడం మొదలుపెట్టింది. సగం కట్ట అయ్యాక, తల ఎత్తకుండానే, "అమ్మాయ్, స్త్రీల డబ్బులో ఆరు వందల నలభై తక్కువ వస్తోంది. నేనేమైనా లెక్క తప్పు చూశానా?" అంది.

ఆ మాటలో నాకు ఒక తలుపు తెరిచి పెట్టింది. అవునవ్వా, తప్పు చూశావు అని నేను అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. ఏడ్చేశాను. ఆమె గోంగూర పక్కన పెట్టి నా చేయి పట్టుకుంది. ఫర్వాలేదు అని మాత్రం అనలేదు. "అది దేవుని డబ్బు తల్లీ, తిరిగి పెట్టాలి. నెలకు ఎంత పెట్టగలవు?" అంది. ఎనభై అన్నాను. ఎనిమిది నెలలు అని వేళ్ల మీద లెక్కపెట్టింది. తర్వాత, "కూటంలో నువ్వే చెప్పు. ఇంకొకళ్ల నోట వస్తే కథ అవుతుంది. నేను నీ పక్కనే నిలబడతాను" అంది. ఆ ఆదివారం నేను లేచి చెప్తున్నంతసేపూ ఆమె అరచెయ్యి నా వీపు మీదే ఉంది. డబ్బా వేరేవాళ్లకు అప్పగించాను. ఎనిమిది నెలల్లో డబ్బంతా కట్టేశాను. ఏడాది తిరిగాక మళ్లీ డబ్బా ఎవరికివ్వాలి అన్న మాట వచ్చినప్పుడు నా పేరు చెప్పింది ఆ అవ్వే.

సహోదరీ, ఆమె నా తప్పును చిన్నది చేయలేదు. కప్పిపెట్టలేదు. ప్రతి పైసా కట్టించింది. అయినా ఈ రోజుకీ కృప అన్న మాట ఎక్కడ విన్నా నాకు గుర్తొచ్చేది ఆ గోంగూర కట్టే. అందరి ముందూ నిలబెట్టి అడిగి ఉంటే నేను ఆ సంఘంలో ఉండేదాన్ని కాదు. ఏ సంఘంలోనూ ఉండేదాన్ని కాదేమో.

ఆమె చేసిందాంట్లో కొత్తది ఏమీ లేదు. నీ సహోదరుడు తప్పిదం చేస్తే నువ్వూ అతడూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమని ప్రభువు మత్తయి 18లో చెప్పిందే. గలతీ 6:1లో పౌలు, తప్పులో చిక్కుకున్నవాణ్ని "సాత్వికమైన మనస్సుతో" మంచి దారికి తేవాలంటాడు. అక్కడ గ్రీకులో వాడిన మాటే మత్తయి 4:21లోనూ ఉంది. యాకోబు, యోహాను దోనెలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు అన్నచోట. మీరు సముద్రం దగ్గరివారు. సూర్యలంకలోనో నిజాంపట్నం రేవులోనో వల బాగుచేసేవాళ్లను చూసే ఉంటారు. చిరిగిన చోటు వెతికి, వల మొత్తం ఒళ్లో వేసుకుని, కాలి బొటనవేలితో ఒక పక్క బిగపట్టి, ముందు పీలికలైన దారాలను బ్లేడుతో కోసేస్తారు. ఆ తర్వాత ఒక్కో కన్నూ ముడివేస్తూ పోతారు. చిరుగును చూడనట్టు వదిలేస్తే చేపలు పోతాయి. చిరిగిందని వలే పారేస్తే కూడు పోతుంది. ఏదైనా గానీ, వలను దగ్గరికి లాక్కోకుండా దూరం నుంచి ఎవరూ బాగుచేయలేరు.

మీ మాటలో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఆ దూరమే. మీరు ఆమెకు వాక్యాలు నేర్పిన టీచరు. మీరే చెప్పారు. మూడేళ్లలో ఒక్కసారైనా ఆ అత్తింట్లో ఎలా ఉన్నావమ్మా అని అడిగారా? అడిగి ఉంటే ఉత్తరంలో రాసి ఉండేవారు అనిపించింది. నా అంచనా తప్పైతే మన్నించండి. మనం దగ్గరగా ఎరిగిన మనిషి గురించి మాట్లాడేటప్పుడు గొంతు దానంతటదే తగ్గుతుంది. మన కూతురు అదే బొట్టుతో వస్తే పక్కకు తీసుకెళ్లి, "ఏమైంది రా?" అని అడుగుతాం.

మీ ఉత్తరంలో "కొత్తగా వస్తున్నవాళ్లు కూడా చూస్తున్నారు" అన్న మాట కూడా ఉంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. నలుగురూ ఏమనుకుంటారో అన్న టెన్షన్ నాయకత్వంలో ఉన్నవాళ్లందరికీ ఉంటుంది. ఆ రోజు కొత్తవాళ్లు చూసింది ఏంటో ఆలోచించండి. ఒక పిల్ల సంచీ తీసుకుని తలవంచుకుని వెళ్లిపోవడం చూశారు. తమ ఇంట్లో కూడా ఏదో ఒకటి ఉంటుంది కదా, అది ఇక్కడ బయటపడకూడదు అని వాళ్లు గట్టిగా అనుకుని ఉంటారు.

ఒంగోలు ప్రాంతం చరిత్ర మీరు వినే ఉంటారు. 1876 నుంచి 78 వరకు ఘోరమైన కరవు. మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ పనిలో కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇప్పించాడు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని కరవు సహాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగపల్లెల పేదలు. అన్ని నెలలు ఆగి, అన్ని ప్రశ్నలకు జవాబు చెప్పి నీళ్లలో దిగినా, అన్నం కోసం మారారన్న నింద వాళ్లను వదల్లేదు. నూటయాభై ఏళ్లు కావస్తోంది, మనం ఇంకా ఆ మాట వింటూనే ఉన్నాం. మన గుండెలో ఏముందో చూడకుండా, పైకి కనపడేదాన్ని బట్టి బయటివాళ్లు మాట్లాడితే ఎంత మంటగా ఉంటుందో మన జనానికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? అదే మాట మన చాప మీద కూర్చున్న మన పిల్లను మనం అంటే ఇంకెంత మంట!

ఇక చేయాల్సిన పని. క్రిస్మస్ వస్తుంది, అప్పుడు కేకు తీసుకుని వెళ్తే బాగుంటుంది అని వాయిదా వేయకండి. ఈ వారమే ఆమె తల్లి దగ్గరికి వెళ్లండి. ఒక్కరే వెళ్లండి, పది మందిని వెంటేసుకుని వెళ్లొద్దు. చేతిలో బైబిలు కూడా ఆ రోజుకి వద్దు. ఆవిడ గుమ్మంలోనే నాలుగు మాటలు అనొచ్చు. అననివ్వండి. ఇన్ని నెలలుగా దిగమింగుకున్న తల్లి. అన్నీ విన్నాక, తప్పైందని చెప్పండి, మీ అమ్మాయితో మాట్లాడే దారి మీరే చూపించండి అని అడగండి. నేరుగా అమ్మాయికి ఫోన్ చేయొద్దు, వాట్సాప్‌లో వచనాలు పంపొద్దు. ఆ ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో మీకు తెలియదు. అత్తింటికి అసలు వెళ్లకండి. మీ మనసు తేలికపడటం కోసం ఆమెకు ఇంట్లో గొడవ తేకూడదు.

ఆమె పుట్టింటికి వచ్చినప్పుడు కలవండి. "ఆ రోజు అందరి ముందూ అలా అనకూడదమ్మా. నీ గురించి ఏమీ అడగకుండా అనేశాను. నన్ను క్షమించు" అనండి. అక్కడ ఆపేయండి. "కానీ నా ఉద్దేశం" అని మొదలుపెట్టారంటే క్షమాపణ అయిపోయినట్టే. మళ్లీ ఎప్పుడొస్తావు అని అడగొద్దు. బొట్టు మాట అసలే ఎత్తొద్దు. ఎలా ఉన్నావని అడగండి, చెప్పినంత వినండి. చెప్పకపోతే కాఫీ తాగి వచ్చేయండి.

అందరి ముందూ అన్న మాట కాబట్టి అందరి ముందూ సరిచేయాలి కూడా. అది ఆమె పేరెత్తకుండా చేయండి. ఆగస్టులో నేను ఒక బిడ్డతో కఠినంగా మాట్లాడాను, మీరంతా విన్నారు, అది నా తప్పు అని రెండు ముక్కల్లో చెప్పి కూర్చోండి. దయచేసి దీన్ని ప్రార్థన అంశం చేయకండి. "ఫలానా వాళ్లమ్మాయి కోసం ప్రార్థించండి అండీ, పాపం అత్తింట్లో..." అని మొదలై, ఆమేన్ అనేలోపు ఇంటి గుట్టంతా ఊరికి తెలిసిపోవడం మన కూటాల్లో ఎన్నిసార్లు చూశాం! ఆమె కోసం ప్రార్థించాలనుంటే మీ గదిలో తలుపు వేసుకుని చేయండి.

ఆమె తిరిగి రాకపోవచ్చు. ఇది మీరు ముందే మనసులో పెట్టుకోవాలి. క్షమించానని చెప్పి కూడా రాకపోవచ్చు, వేరే సంఘానికి వెళ్తుండొచ్చు. అక్కడ ఆమెకు చోటు దొరికితే సంతోషించండి. "పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు నీవెవడవు?" అని పౌలు అడిగాడు. నిలిచినా, పడినా అది ఆమె యజమానుని పని అన్నాడు. నిలబెట్టడానికి ప్రభువు శక్తి గలవాడని కూడా అదే వచనంలో ఉంది. మీరు లెక్క చెప్పాల్సింది ఆమె నుదుటి గురించి అనుకుని ఇన్నాళ్లూ భయపడ్డారు. నాకైతే, మీ చాప మీద నుంచి ఆమె లేచి వెళ్లిన ఆ క్షణం గురించే అడుగుతాడేమో అనిపిస్తుంది.

ఒకవేళ వస్తే, ఏదో ఒక బుధవారం ఆ సంచీతో గుమ్మంలో కనపడితే, అందరూ తిరిగి చూసేలా స్తోత్రాలు చెప్పి హడావుడి చేయకండి. సంచీ బరువుగా ఉంటుంది. లేచి వెళ్లి అందుకుని, మీ పక్కనే చోటు చేసి కూర్చోబెట్టండి.